వెనక్కి తిరగని సీసపు సైన్యం

మా తాత క్లిఫర్డ్ హాడన్‌కి జీవితం మొత్తంలో ఒక్కసారే అసూయ పుట్టింది. పుట్టడం మాత్రం తక్కువగా పుట్టలేదు. అది నానమ్మ ఐవీ గురించి అనుకునేరు. పాలబండి అతను గుమ్మంలో నిలబడి నానమ్మతో అరగంట కబుర్లు చెప్పినా తాత పేపరు దించి చూసేవాడు కాదు. ఆయన అసూయంతా రెజ్ తాండీ గురించి.

రెజ్ బర్మింగ్‌హామ్‌లో సిటీ బస్సు డ్రైవరు. తాత అదే డిపోలో బస్సు సీట్లకు తొడుగులు కుట్టేవాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు డిపో క్యాంటీన్‌లో, ఒకే పళ్ళెంలో మిగిలిన ఆఖరి పంది మాంసం కూరిన పై రొట్టె కోసం ఇద్దరూ చెయ్యి చాపారు. సగం సగం చేసుకున్నారు. అప్పట్నుంచీ విడిపోలేదు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, బొమ్మ సైనికులు. బొటనవేలంత సీసపు బొమ్మలు, మూడువందల ఏళ్ళ నాటి ఇంగ్లండు అంతర్యుద్ధం నాటి రాజు పక్షం వాళ్ళు, పార్లమెంటు పక్షం వాళ్ళు, భుజాన తుపాకీ, నెత్తిన టోపీ.

ప్రతి గురువారం సాయంత్రం ప్రార్థన మందిరం పక్కనున్న హాల్లో ఆ పిచ్చివాళ్ళంతా చేరేవారు. మూడు పింగ్‌పాంగ్ బల్లలు కలిపి, పైన ఆకుపచ్చ గుడ్డ పరిచేవారు. అదే యుద్ధభూమి. కాల్చగలిగిన ప్రతి బొమ్మకీ ఒక పాచిక వెయ్యాలి. ఆరు పడితే అవతలివాళ్ళలో ఒకడు పోయినట్టు. పెద్ద పెద్ద మీసాలున్న మనుషులు మోకాళ్ళ మీద వంగి, బల్ల అంచుకి గడ్డం ఆనించి, తమ బొమ్మకి అవతలి బొమ్మ కనబడుతోందో లేదో ఒంటికన్నుతో చూస్తుంటే, హాలు ఊడ్చడానికి వచ్చే ఆవిడ తలుపు దగ్గరే నిలబడి శిలువ గీసుకునేదట.

ఆ సంఘంలో రెండు కట్టుబాట్లుండేవి. మొదటిది, నీ చేత్తో రంగులు వేసిన బొమ్మలు ఎన్నుంటే అన్నీ తెచ్చుకోవచ్చు. లెక్కకి హద్దు లేదు. రెండోది, ఎవరి సైన్యం చిన్నదైతే వాళ్ళు బల్ల సర్దుతారు. కొండలెక్కడో, వాగులెక్కడో వాళ్ళిష్టం. ఈ రెండో కట్టుబాటు తాతకి ఎప్పుడూ అవసరం పడలేదు. ఆయనా రెజ్జూ ఎప్పుడూ ఒకే పక్క, అవతలివాళ్ళ సైన్యం ఎప్పుడూ వీళ్ళదంతే ఉండేది.

తాత యుద్ధం చేసే పద్ధతి ఒకటే. బల్ల ఈ చివర్నుంచి ఆ చివరికి బొమ్మల్ని సమానంగా పరిచేవాడు, సీటు తొడుగు మీద కుట్లు వేసినట్టు. గెలవడం కన్నా ఆ వరస చూడ్డానికి బాగుండటం ఆయనకి ముఖ్యం. రెజ్ పక్కన నిలబడి, "భలే ఉందిరా క్లిఫ్" అనేవాడు. ఆ ఒక్క మాటకి తాత వారమంతా కుట్లు వేసేవాడు.

అరవై రెండో సంవత్సరం అక్టోబరులో, తడిసిన గొడుగు దులుపుకుంటూ మిస్ విన్నిఫ్రెడ్ సాల్ట్ హాల్లోకి వచ్చింది. సాంకేతిక కళాశాలలో లెక్కల టీచరు. యాభై ఏళ్ళుంటాయి. చంకలో బిస్కెట్ల డబ్బా. బిస్కెట్లు తెచ్చిందనుకుని అందరూ లేచారు. మూత తీస్తే లోపల దూదిలో పడుకుని యాభై మంది సైనికులు.

ఆ సాయంత్రం తాతా రెజ్జూ తమ బొమ్మల్లో అరవై మాత్రం తీసుకుని ఆవిడ మీదకి దిగారు. ఆవిడ కొత్త, బల్ల సర్దుతానని అడగలేదు, బల్లంతా బయలు నేలే. తాత అలవాటుగా ముప్ఫై మందిని ఎడమవైపు, ముప్ఫై మందిని కుడివైపు పేర్చాడు. మిస్ సాల్ట్ తన యాభై మందినీ మొత్తంగా తీసుకెళ్ళి ఎడమవైపు వాళ్ళ మీద పడేసింది. కుడివైపు వాళ్ళ గుళ్ళు అంతదూరం అందవు. వాళ్ళు ముప్ఫై మందీ పోయేసరికి ఆవిడకి ఇంకా నలభై మంది మిగిలారు. తర్వాత ఆ నలభై మందినీ కుడివైపుకి తిప్పింది. టీ చల్లారేలోపు తాత వరసలు రెండూ ట్రేలో పడుకున్నాయి. ఆవిడకి పాతిక మంది ఇంకా నిలబడే ఉన్నారు.

"పాచికలు బాగా పడ్డాయి మీకు," అన్నాడు తాత.

"ఒక మాదిరిగానే పడ్డాయండీ. లెక్క ప్రకారం ఇరవై ఆరు మంది మిగలాలి, ఒకడు తగ్గాడు," అంది మిస్ సాల్ట్.

రెజ్ కళ్ళు పెద్దవయ్యాయి. "ముందే ఎలా తెలుస్తుందండీ?"

హాల్లో ఆదివారం పిల్లలకి కథలు చెప్పే నల్లబల్ల ఉంది. ఆవిడ సుద్ద తీసుకుంది. యాభైని యాభైతో హెచ్చవేస్తే రెండువేల అయిదువందలు. ముప్ఫైని ముప్ఫైతో హెచ్చవేస్తే తొమ్మిదివందలు. అందులోంచి ఇది తీసేస్తే పదహారువందలు. నలభైని నలభైతో హెచ్చవేస్తే పదహారువందలు. "కాబట్టి నలభై మంది మిగిలారు. నలభైకీ రెండో ముప్ఫైకీ మళ్ళీ ఇలాగే చేస్తే ఇరవై ఆరు. ఎక్కువమంది ఉన్నవాళ్ళు ఎక్కువ గుళ్ళు కాలుస్తారు, దాంతో అవతలివాళ్ళు త్వరగా తగ్గుతారు, వాళ్ళు తగ్గేకొద్దీ ఇవతల దెబ్బలూ తగ్గుతాయి. అందుకే రెట్టింపు జనమంటే రెట్టింపు బలం కాదు, నాలుగింతల బలం. ఇదేం నా సొంతం కాదండీ. మన ఊళ్ళోనే మోటారు కార్లు తయారుచేసిన పెద్దాయన ఒకాయన మొదటి ప్రపంచ యుద్ధం నాడే రాశాడు." తర్వాత ఆవిడ ఇంకో ముక్క చెప్పింది. "ఇదంతా బయలు నేల మీద సుమండీ. ప్రతివాడూ ప్రతివాణ్ణీ కాల్చగలిగితేనే. ఇరుకు దారిలో ఈ లెక్క నడవదు, అక్కడ ఒకడికి ఒకడే."

ఆ చివరి ముక్క తాత వినలేదు. ఆ సమయంలో ఆయన నల్లబల్ల చూడ్డం లేదు, రెజ్ మొహం చూస్తున్నాడు. రెజ్ నోరు కొద్దిగా తెరిచి, తల ఒక పక్కకి వాల్చి వింటున్నాడు. పదహారేళ్ళలో తాత ఏ వరస పేర్చినా రెజ్ నోరు అలా తెరుచుకోలేదు.

అక్కణ్ణుంచి మొదలైంది. గురువారాలు ఆట అయ్యాక తాతా రెజ్జూ మూలనున్న కొట్లో చేపా బంగాళదుంప వేపుడూ కొనుక్కుని, వెనిగర్ కారుతున్న కాగితం పొట్లాలతో గోడ మీద కూర్చుని తినేవారు. ఇప్పుడు రెజ్ ముందు మిస్ సాల్ట్‌ని బస్‌స్టాప్ దాకా దిగబెట్టి వచ్చేవాడు. అప్పటికి తాత పొట్లం సగం అయ్యేది, మిగిలిన సగం గొంతు దిగేది కాదు.

"విన్నీ ఏమందంటే..." అని మొదలెట్టేవాడు రెజ్.

"విన్నీ ఎవరు?"

"మిస్ సాల్ట్ రా."

"ఓహో. నాకు ఆవిడ మిస్ సాల్టే. విన్నీ ఎప్పుడైందో నాకు తెలీదు మరి."

"నిన్ను కూడా అలాగే పిలవమంది."

"నాకేం పన్లేదా?"

డిపోలో ఇంకా ఘోరం. రెజ్ భోజనాల వేళ సాస్ సీసానీ, ఉప్పు డబ్బానీ అటూ ఇటూ జరుపుతూ మిగతా డ్రైవర్లకి ఆవిడ లెక్క నేర్పేవాడు. తాత అటు వీపు పెట్టి కూర్చుని, తన పై రొట్టెని ఉప్పు లేకుండానే తినేవాడు. ఉప్పు అడగాలంటే రెజ్‌ని అడగాలి కదా.

ఈస్టర్ సోమవారం నాడు సంఘంలో పెద్ద యుద్ధం. ఏడాదికి ఒకటే. ఎవరు ఎవరి పక్కనో క్రిస్మస్‌కి ముందు గురువారమే చెప్పుకోవాలి. ఆ గురువారం తాత కొత్త మఫ్లర్ వేసుకుని వెళ్ళాడు. రెజ్ టీ కప్పులోకి చూస్తూ అన్నాడు.

"క్లిఫ్, ఈసారి నేను మిస్ సాల్ట్ పక్కన ఆడదామనుకుంటున్నా."

"ఆడు."

"నీకేం ఇబ్బంది లేదుగా?"

"నాకెందుకు ఇబ్బంది? నాతో ఆడేవాళ్ళు ఊళ్ళో లేరా?"

"ఎవరితో ఆడతావు?"

"ఎవరితోనూ ఆడను. మీ ఇద్దరికీ నేనొక్కణ్ణి చాలు."

ఇంటికొచ్చి మఫ్లర్ విప్పి కుర్చీ మీద కొట్టాడు. నానమ్మ అల్లిక ఆపకుండానే, "రెజ్ పెళ్ళి చేసుకుంటున్నాడా ఏంటయ్యా, మొహం అలా పెట్టావు?" అంది. తాత ఆలోచించి, "పెళ్ళయితే ఇంత బాధ ఉండేది కాదే," అన్నాడు. నిజంగానే అన్నాడట. నానమ్మ చచ్చేదాకా ఆ మాట గుర్తుచేసి దెప్పేది.

రెజ్జూ మిస్ సాల్టూ ఇద్దరివీ కలిపితే నూట ఇరవై బొమ్మలు. తాతవి డెబ్భై. తాత మంచం మీద పడుకుని కప్పు చూస్తూ ఆవిడ లెక్కనే ఆవిడ మీదకి తిప్పాడు. నూట ఇరవైకి రెట్టింపు, రెండువందల నలభై. అప్పుడు బలం నాలుగింతలు. విన్నీ గిన్నీ అందరూ ట్రేలో పడుకుంటారు. రెజ్ నోరు మళ్ళీ తెరుచుకుంటుంది, ఈసారి ఇటువైపు.

ఆ చలికాలం ఊరు ఊరంతా గడ్డకట్టింది. ఇళ్ళలో నీళ్ళ గొట్టాలు పగిలిపోయాయి. పనివాళ్ళు పాత సీసపు గొట్టాలు పీకి రోడ్డు పక్కన పడేస్తుంటే తాత పాత తోపుడుబండి తోసుకుంటూ ఏరుకొచ్చేవాడు. జనం పాపం పొయ్యిలోకి ఏదో ఏరుకుంటున్నాడనుకుని బొగ్గు కూడా ఇచ్చేవారు. నానమ్మ జామ్ కాచే గిన్నెలో సీసం కరిగించి, అచ్చుల్లో పోసి, సైనికుల్ని తీశాడు. ఆ గిన్నె ఆ తర్వాత జామ్ మొహం చూడలేదు. వంటింటి బల్ల మీద జనవరి అంతా, ఫిబ్రవరి అంతా సైనికులే. నానమ్మ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తినేది.

"ఏమయ్యా, వీళ్ళకి పెట్టే రంగుల్లో సగం మన తలుపుకి వేసుంటే రాజుగారి కోటలా ఉండేది."

"యుద్ధం అయ్యాక వేస్తానే."

"ఎవరితో యుద్ధం? ఆ లెక్కలావిడతోనా, రెజ్‌తోనా?"

తాత బ్రష్షు నాలుకతో మొన చేసుకుని ఒక టోపీ అంచుకి ఎరుపు పూశాడు.

మార్చి వచ్చేసరికి తాతకి ఓపిక అయిపోయింది. ఇంకా నూరు బొమ్మలు బూడిద రంగులోనే ఉన్నాయి. అప్పుడు తాతకి ఒక ఆలోచన వచ్చింది. సైనికుడు ముందుకే కదా నడుస్తాడు. బల్ల అవతల నిలబడ్డవాళ్ళకి కనబడేది ముందువైపే కదా. అందుకని మిగిలిన వాళ్ళకి మొహం, రొమ్ము, తుపాకీ, పక్కల నుంచి చూస్తే కనబడేంత వరకు చేతులు, అంతే పూశాడు. వీపులు సీసంగానే వదిలేశాడు. నూరు మంది అందగాళ్ళు, వెనక నుంచి చూస్తే నీళ్ళ గొట్టాలు.

నానమ్మ ఒకణ్ణి తిప్పి చూసింది. "వీళ్ళు వెనక్కి తిరగరా?"

"నా సైన్యం వెనక్కి తిరగదు."

"ఇంట్లోనూ అంతేగా నువ్వు."

ఈస్టర్ సోమవారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. తాత నాలుగు బూట్ల పెట్టెల్లోంచి సైన్యాన్ని దించుతుంటే సంఘమంతా బల్ల అవతల చేరింది. ఎవరో ఈల వేశారు. రెజ్ అయితే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒరేయ్ క్లిఫ్! ఇన్ని ఎప్పుడు చేశావురా?"

"ఖాళీగా ఉన్నాగా, చేసుకున్నా," అన్నాడు తాత. ఆ 'ఖాళీగా' అన్నమాట రెజ్‌కి తగలాలనే అన్నాడు. తగిలింది కూడా. రెజ్ చెవి గోక్కున్నాడు.

అప్పుడు మిస్ సాల్ట్ మెల్లగా అంది. "మిస్టర్ హాడన్, మా సైన్యం చిన్నది. బల్ల మేం సర్దుకోవచ్చు కదండీ?"

ఆ కట్టుబాటు చలికాలమంతా తాత బుర్రలోకి రానేలేదు. ఆవిడ ఆకుపచ్చ గుడ్డ కింద కీర్తనల పుస్తకాలు పేర్చి నిటారుగా రెండు గుట్టలు లేపింది. మధ్యలో నలుగురు సైనికులు పక్కపక్కన పట్టేంత సందు. ఆ సందు అవతల తమ నూట ఇరవై మందినీ అర్ధచంద్రంలా నిలబెట్టింది. ఎడమవైపు బల్ల చివర, గాలిమర బొమ్మ పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళే దారి ఒకటి ఉంది. దూరం, కానీ నేల బయలు.

తాత ఆ గాలిమర వైపు చూడనైనా లేదు. ఆయన కళ్ళు సందు అవతల, పక్కపక్కన నిలబడ్డ ఆ ఇద్దరి మీద ఉన్నాయి. రెజ్ ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు, ఆవిడ నవ్వింది. తాత సైన్యాన్నంతా సందులోకి తోశాడు.

నలుగురు సందు దాటి తల బయట పెట్టారు. అవతలివైపు నుంచి గుప్పెడు గుప్పెడు పాచికలు దొర్లాయి. నలుగురూ పోయారు. ఇంకో నలుగురు. వాళ్ళూ పోయారు. వెనకాల రెండువందల మందికి పైగా నిలబడి ఉన్నారు గాని, వాళ్ళకి ముందువాడి టోపీ తప్ప ఏమీ కనబడదు. కనబడనివాడికి పాచిక లేదు. తాత చనిపోయినవాళ్ళని ట్రేలో పెట్టకుండా గబగబా కోటు జేబులో వేసుకుంటున్నాడు. జేబులు రెండూ మోకాళ్ళ దాకా వేలాడాయి. ఎవరైనా వెనక నుంచి రాబోతే, "నా వెనక నిలబడకండయ్యా, ఏకాగ్రత పోతోంది!" అని కసిరేవాడు.

గంట గడిచింది. రెజ్ ఇక ఆగలేకపోయాడు.

"క్లిఫ్, ఏం చేస్తున్నావురా? వెనక్కి తీసుకో. అదిగో గాలిమర వైపు దారి ఉంది."

"నువ్వు నా శత్రువువి. నీ సలహా నాకొద్దు."

"శత్రువునే చెప్తున్నా! ఇలా చంపలేక చేతులు నొప్పెడుతున్నాయి. వెనక్కి తిప్పు."

వెనక్కి నడిచే సైనికుడి మొహం వెనక్కే ఉండాలి, అది ఆట నియమం. తిప్పితే ఆ బూడిద వీపులన్నీ వరసగా రెజ్ కళ్ళ ముందు నిలబడతాయి. భలే ఉందిరా క్లిఫ్ అన్న ఆ కళ్ళ ముందు. తాత చెయ్యి ఒక బొమ్మ దాకా వెళ్ళింది, ఆగింది. ఇంకో నలుగుర్ని ముందుకు జరిపింది.

టీ వేళకి సందులో కదిలేవాడు లేడు. వెనక ముప్ఫై మంది మిగిలారు. తాత చేతులెత్తేశాడు.

ఆట అయ్యాక బల్ల చుట్టూ నడిచొచ్చి చెయ్యి కలపడం మర్యాద. ఆ సంగతి తాతకి గుర్తొచ్చేలోపే రెజ్ చెయ్యి చాపుకుంటూ ఇటువైపు వచ్చేశాడు. చాపిన చెయ్యి గాల్లోనే ఆగింది. వంగి ఒక బొమ్మని తీసుకున్నాడు.

"ఇదేంట్రా? వీపులేవి?"

"టైము చాల్లేదు."

"దీనికోసమా వెనక్కి రానిది?"

తాత మఫ్లర్ సర్దుకున్నాడు.

మిస్ సాల్ట్ కూడా వచ్చి చూసింది. నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీరు గాలిమర వైపు వచ్చుంటే మా పని అయిపోయేదండీ. అక్కడ బయలు నేల. నూట యాభై మందితో వచ్చినా గెలిచేవారు. గంట నుంచీ నాకు అదే భయం."

తాతకి ఆ మాట ఓటమి కన్నా గట్టిగా తగిలింది.

"చలికాలమంతా కూర్చుని ఇన్ని చేశావా? ఎందుకురా?" అన్నాడు రెజ్.

"ఆవిణ్ణి ఓడిద్దామని."

"ఆవిడ నిన్నేం చేసింది?"

"నిన్ను పట్టుకుపోయింది!"

హాలు హాలంతా ఇటు తిరిగింది. తాత చెవులు సైనికుల టోపీ అంచుల్లా ఎర్రబడ్డాయి. రెజ్ ఆ బొమ్మని బల్ల మీద జాగ్రత్తగా, మొహం ముందుకి ఉండేలా నిలబెట్టాడు.

"నన్ను ఎవరూ పట్టుకుపోలేదురా వెధవా. నేనే వెళ్ళాను. పదహారేళ్ళు నీ పక్కన నిలబడ్డాను. ఆటలో నీ భుజం చూశాను గాని నీ మొహం ఎప్పుడు చూశాను? నువ్వు పేర్చిన ఆ వరస నా మీదకి వస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది. నిన్ను ఓడిద్దామనిపించింది కూడా."

"ఆ మాట చెప్పొచ్చుగా."

"చెప్తే నవ్వుతావని చెప్పలేదు."

తాత ఆలోచించాడు. "నవ్వేవాణ్ణే," అని ఒప్పుకున్నాడు.

పెద్ద యుద్ధంలో ఓడినవాడే వచ్చే ఏడాది పక్కలు తేల్చాలి. సంఘం కార్యదర్శి వచ్చి, "చెప్పు హాడన్, ఎవరు నీ పక్కన?" అన్నాడు. రెజ్ అప్పటికే ఈ వైపు నిలబడ్డాడు, అడగడం ఎందుకన్నట్టు. తాత రెజ్‌ని ఎగాదిగా చూశాడు. ఎదురుగా నిలబడి మొహం చూడాలని ఉందన్నాడుగా, చూసుకోనీ అనుకున్నాడు.

"మిస్ సాల్ట్," అన్నాడు.

రెజ్ నోరు తెరుచుకుంది. తాత ఆ చలికాలమంతా కలగన్న విధంగా కాదు గాని, తెరుచుకోవడం మాత్రం బాగానే తెరుచుకుంది.

ఆ వేసవిలో ప్రతి మంగళవారం మిస్ సాల్ట్ మా ఇంటికి టీకి వచ్చేది. నానమ్మ కస్టర్డ్ వేసి, ఉడికించిన పుల్లటి రూబార్బ్ కాడలు పెట్టేది. వంటింటి బల్ల మీద అగ్గిపుల్లలు పరిచి, బయలు నేల లెక్కా, ఇరుకు దారి లెక్కా ఆవిడ మళ్ళీ మొదట్నుంచి చెప్పేది. తాత ఈసారి చివరి ముక్క కూడా విన్నాడు. సగం అర్థమైంది. అర్థం కాని సగానికి ఎక్కువసేపు తల ఊపాడు.

బుధవారం పొద్దున డిపో గేటు దగ్గర రెజ్ బస్సు ఆపి, కిటికీలోంచి తల బయట పెట్టేవాడు.

"నిన్న వచ్చిందా?"

"ఎవరు?"

"మిస్ సాల్ట్ రా!"

"ఓ, విన్నీనా? వచ్చింది."

"ఏం మాట్లాడుకున్నారు?"

"లెక్కలు."

"ఏ లెక్కలు?"

"నీకు అర్థం కావులే రెజ్. వెళ్ళు, వెనకాల జనం హారన్ కొడుతున్నారు."

ఒక బుధవారం సాయంత్రం తాత ఈల వేసుకుంటూ ఇంటికొచ్చి, రెండు పళ్ళేల చేపా వేపుడూ తిని, మూడోసారి బంగాళదుంపలు వడ్డించమన్నాడు. నానమ్మ గరిటె పట్టుకుని వింతగా చూసింది.

"ఏమయ్యా, జీతం పెంచారా?"

"కాదే ఐవీ," అన్నాడు తాత, నోటినిండా దుంపలతో, కళ్ళలో నీళ్ళు తిరిగేంత సంతోషంగా. "రెజ్‌కి కుళ్ళు పుట్టింది."